తాత పోతే రాని ఏడుపు నవల చదివితే వచ్చింది

(ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపిన ఉత్తరం ఇది. పొడుగు తగ్గించి ఇస్తున్నాం.)

ప్రశ్న: మేడమ్, నాకు పదహారేళ్లు. ప్లస్ వన్ చదువుతున్నాను. మాది పుత్తూరు దగ్గర పల్లె. నాన్న ఉద్యోగం వల్ల నేను పుట్టకముందు నుంచీ చెన్నైలోనే, పెరంబూరులో ఉంటున్నాం. మా వయసు పిల్లల కోసం రాసే యంగ్ అడల్ట్ నవలలంటే నాకు పిచ్చి. పోయిన నెల 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' చదివాను. అందులో హేజల్‌కీ క్యాన్సరే, ఆగస్టస్‌కీ క్యాన్సరే. చివరికి ఆగస్టస్ చనిపోతాడు. అతను చనిపోయిన పేజీలో నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత అతని ఆన్‌లైన్ పేజీలో ఎవరెవరో వచ్చి 'మిస్ యూ' అని రాస్తుంటారు, హేజల్ కూర్చుని అవన్నీ చదువుతుంది. అక్కడ మొదలైంది. బాత్‌రూమ్‌లో ట్యాప్ తిప్పి పెట్టి ఏడ్చాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

అమ్మ కనిపెట్టేసింది. "తాత పోయినప్పుడు నీ కంట్లో చుక్క నీళ్లు రాలేదు, ఎవడో పుస్తకంలో వాడు చస్తే ఇంత ఏడుపా" అంది. అది నిజమే మేడమ్. తాత అంటే అమ్మ వాళ్ల నాన్న. చివర్లో మా దగ్గరే ఉన్నాడు, నన్ను స్కూలు బస్సు దాకా నడిపించుకెళ్లేవాడు. పోయినేడాది జనవరిలో పోయాడు. ఆ రోజంతా వచ్చినవాళ్లకి కాఫీలిచ్చాను, అవ్వ పక్కన కూర్చున్నాను. రెండేళ్లుగా మా గడప తొక్కని చుట్టాలు కూడా తాత ఫోటో స్టేటస్ పెట్టుకున్నారు. నాలుగు రోజుల్లో నాకు ప్రీబోర్డు పరీక్షలు. తాతంటే నాకు ప్రాణం, అయినా ఏడుపు రాలేదు. నాలో ఏదైనా లోపం ఉందా?

ఇక నవలలన్నీ ప్లస్ టూ అయ్యాకే అంటోంది అమ్మ. తను మాత్రం రోజూ సీరియల్ చూసి ఏడుస్తుంది. నేను దుప్పటి కింద ఫోన్‌లో చదువుతున్నాను. నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఆ నవల 'ఓవర్' అంది, దాంతో మాటలు మానేశాను. మా క్లాసులో ఆగస్టస్ లాంటి అబ్బాయి ఒక్కడూ లేడు. తెలుగులో ఇలాంటి పుస్తకాలు ఎందుకు లేవు? ఉంటే అవ్వకి చదివి వినిపించమని అమ్మనే అడిగేదాన్ని. ఈ కథ అవ్వకి ఎలా చెప్పాలో తెలీడం లేదు.

— పేరు వెయ్యొద్దు, పెరంబూరు

జవాబు: అమ్మాయీ, అసలు ప్రశ్నని మధ్యలో ఇరికించి రాశావు, ముందు దానికే జవాబు చెబుతాను. నీలో ఏ లోపమూ లేదు. ఏడుపు రేషన్ బియ్యం కాదు, కార్డుకి ఇన్ని కిలోలని తూచి ఇవ్వడానికి. ఆగస్టస్‌కి ఇచ్చినంతా తాత వాటాలోంచి కోసేశావని ఎవరూ లెక్క కట్టలేరు. బోయవాడి బాణం తగిలి పడిపోయిన క్రౌంచపక్షిని చూసి వాల్మీకి శోకించాడని, ఆ శోకమే శ్లోకమైందని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ముక్కూ మొహం తెలీని పక్షి. "సొంతవాళ్లు పోయినప్పుడు ఇంత ఏడ్చావా స్వామీ" అని ఆయన్ని నిలదీసినవాళ్లు లేరు.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ అమ్మ అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రెండోసారి చదివితే ఇంకో సంగతి కనిపించింది. ఆగస్టస్ చనిపోయిన పేజీలో నీకు ఏడుపు రాలేదన్నావు. జాలిపడి ఏడ్చేవాళ్లు చాలామంది అక్కడే ఏడుస్తారు. నువ్వు ఆ పేజీ దాటేశావు. అతని ఆన్‌లైన్ పేజీలో జనం రాసిన మాటలు వచ్చేసరికి ఆగలేకపోయావు. నెలల తరబడి ఎలా ఉన్నావని అడగనివాళ్లు కూడా పోయాక వచ్చి ప్రేమ ఒలకబోస్తుంటే హేజల్‌కి ఒళ్లు మండుతుంది. ఇది నీ ఉత్తరంలో ఒక పేరా. దాని కింద పేరాలో, రెండేళ్లుగా గడప తొక్కని చుట్టాలు తాత ఫోటో స్టేటస్ పెట్టుకున్నారని రాశావు. ఈ రెండూ ఒకటేనని నువ్వు ఎక్కడా అనలేదు. రాసేటప్పుడు నీకు తట్టి ఉండదు కూడా. నాకు మాత్రం ఆ ఏడుపు తాతదే అనిపిస్తోంది. ఏడాది పైన ఆగి, దారి దొరికిన చోట బయటికొచ్చింది.

ఇది నా ఊహ. ఒప్పో కాదో తేల్చాల్సింది నువ్వే. ఆ పేజీ తీసి ఇంకోసారి చదువు. చదువుతుంటే కళ్లముందు ఎవరి మొహం కదిలితే ఆ ఏడుపు వాళ్లది. నిజంగా ఆగస్టస్ మొహమే కదిలిందనుకో, అప్పుడూ తప్పేం లేదు.

మరి ఆ రోజే ఎందుకు రాలేదంటావా? చావింట్లో పదిహేనేళ్ల ఆడపిల్లకి ఏడ్చే తీరిక ఎక్కడిది? పక్కింటివాళ్లు ఫ్లాస్కుల్లో పంపిన కాఫీ గ్లాసుల్లో పోయాలి. ఎవరికి చక్కెర వద్దో గుర్తుపెట్టుకోవాలి. చెప్పుల గుట్టలోంచి పెద్దాయన చెప్పులు వెతికివ్వాలి. "అవ్వని చూసుకో, నువ్వు పెద్దదానివి" అని నలుగురైనా చెప్పి ఉంటారు. అవ్వ పక్కన కూర్చున్న పిల్ల ఏడిస్తే అవ్వ ఇంకా ఏడుస్తుంది కదా. బాధ దిగమింగుకుని నువ్వు ఆ పని చేశావు. నాలుగు రోజులు తిరక్కుండా పరీక్ష హాల్లో కూర్చున్నావు. పరీక్షలయ్యాక, ఇక ఇప్పుడు ఏడవొచ్చని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంట్లో అందరూ మామూలైపోయి ఉంటారు.

నవల చదివినప్పుడు నీకు ఆ పనులేవీ లేవు. ఒక్కదానివే, పుస్తకం పట్టుకుని. పైగా అది హేజల్ 'నేను, నేను' అంటూ చెప్పుకుపోయే కథ. యంగ్ అడల్ట్ నవలల్లో చాలావాటిది ఇదే పద్ధతి. పదహారేళ్ల పిల్ల పదహారేళ్ల పిల్ల చెవిలో చెబుతున్నట్టుంటుంది. మధ్యలో ఎవరూ కాఫీ అడగరు. కథలో ఇలా మునిగిపోవడం మీద మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ఒక పరిశోధన అచ్చు వేశారు. మనిషి కథలోకి ప్రయాణమై వెళ్లిపోతాడని, ధ్యాస, ఊహ, ఉద్వేగం మూడూ అక్కడే ఉండిపోతాయని వాళ్లు చెప్పారు. ఇది జరిగిన కథ అని చెప్పి ఇచ్చినా, కల్పితమని చెప్పి ఇచ్చినా వాళ్ల ప్రయోగాల్లో ఆ మునక తగ్గలేదు. 'ఎవడో పుస్తకంలో వాడు' అన్నదానికి ఇదీ ఒక జవాబే. దానికి తోడు మీ వయసు. ఉద్వేగాలు పుట్టించే మెదడు భాగాలు ముందు ఊపందుకుంటాయి, వాటికి కళ్లెం వేసే ముందుభాగం పాతికేళ్లు వచ్చేదాకా తయారవుతూనే ఉంటుంది. (ఇది అమ్మ తిట్టేటప్పుడు చెప్పకు. నాలుగు ఎక్కువ పడతాయి.)

ఆ పుస్తకం గాల్లోంచి పుట్టింది కూడా కాదు. దాన్ని రాసిన జాన్ గ్రీన్ చిన్నవయసులో కొన్నాళ్లు పిల్లల ఆసుపత్రిలో పనిచేశాడు. అక్కడ జబ్బుపడ్డ పిల్లలకీ వాళ్ల తల్లిదండ్రులకీ ధైర్యం చెప్పడం, ప్రార్థనలో తోడుండడం అతని పని. అప్పటి నుంచి రాయాలనుకుంటున్న కథ 2012లో బయటికొచ్చింది. థైరాయిడ్ క్యాన్సర్‌తో 2010లో పదహారేళ్లకే పోయిన ఎస్తర్ ఎర్ల్ అనే అమ్మాయికి దాన్ని అంకితమిచ్చాడు. ఆ అమ్మాయి అతనికి స్నేహితురాలు. అయితే హేజలే ఎస్తర్ అనుకోవద్దని కూడా అతను చెబుతుంటాడు. ఇది కల్పన అని పుస్తకం మొదట్లోనే రాసుకున్నాడు.

నీకు బాగా తెలిసిన కథే, ఇంకోలా చూపిస్తాను. హేజల్ కూడా నీలాంటి పాఠకురాలే. ఆమెకి ప్రాణమైన నవల ఒకటుంది. అందులోనూ క్యాన్సర్ వచ్చిన అమ్మాయే, పేరు అన్నా. ఆ నవల వాక్యం మధ్యలో తెగిపోతుంది. తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి హేజల్ ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్తుంది. అన్నా వాళ్లమ్మ ఏమైంది, ఆ అమ్మ మనసిచ్చిన మనిషి మంచివాడేనా, చివరికి అన్నా పెంచుకున్న చిట్టెలుక ఏమైంది, అన్నీ అడుగుతుంది. ఆ రచయిత పొద్దున్నే తాగి కూర్చుని, కథ అయిపోయాక వాళ్లెవరూ ఉండరు పొమ్మంటాడు. చదివినవాళ్లందరికీ అతని మీద మంట పుడుతుంది.

కానీ హేజల్ అన్నేసి మైళ్లు వెళ్లి అడిగింది చిట్టెలుక కోసమా? అన్నా వాళ్లమ్మ గురించి అడుగుతూ ఆమె తన అమ్మ గురించి అడుగుతోంది. నేను పోయాక మా అమ్మ ఎలా బతుకుతుంది? ఆ ప్రశ్న ఇంట్లో అడగలేదు. పదమూడేళ్లప్పుడు ఐసీయూలో ఉండగా, ఇక నేను అమ్మని కాకుండా పోతానని తల్లి ఏడవడం ఆ పిల్ల చెవిన పడింది. అది తెలిశాక అమ్మని ఏ నోటితో అడుగుతుంది? అందుకని ఊరూ పేరూ లేని ఒక పుస్తకాన్ని అడిగింది. నవల చదివి ఎక్కువగా కదిలిపోయే పిల్లలందరూ దాదాపు చేసేది ఇదే. ఇంట్లో అడగలేనిది పుస్తకాన్ని అడుగుతారు. నువ్వు ఏమడిగావో నీకే తెలియాలి.

కాబట్టి నవల చదివాక 'బాగుంది, ఏడిపించింది' దగ్గర ఆగొద్దు. ఎక్కడ ఏడిపించింది, ఎక్కడ విసుగొచ్చింది, ఏ పాత్రని కొట్టాలనిపించింది, ఆ పేజీ నెంబరు వేసి, అప్పుడు ఏం గుర్తొచ్చిందో ఒక్క లైను రాసి పెట్టుకో. పాత లాంగ్ నోట్‌బుక్కు చాలు. ఏ భాషలోనైనా రాయి. ఎవరికీ చూపించక్కర్లేదు. నచ్చింది ఎలాగూ గుర్తుంటుంది, విసుగొచ్చిన చోట్లు ముఖ్యంగా రాయి. కొన్నాళ్లకి చూస్తే ఏడిపించే నవలల్లో ఏది నిజంగా తాకింది, ఏది పాత్రల్ని వరసగా చంపేసి బలవంతంగా కన్నీళ్లు పిండింది అన్నది తెలుస్తుంది. ఈ తరహా నవలల్లో రెండో రకం తక్కువేం లేదు.

ఇక మీ అమ్మ. ఆమె అన్న మాట గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. ఒక్క విషయం చూడు: నీకు పోయింది తాత, ఆమెకి పోయింది నాన్న. తన నాన్న కోసం తన కూతురు ఏడవలేదన్న బాధ ఆమెలో ఏడాదిగా ఉండి ఉంటుంది. చావింట్లో అలాంటివి అడగరు, తర్వాత అడిగే సందర్భం రాదు. బాత్‌రూమ్ తలుపు వెనక నీ ఏడుపు వినేసరికి అది కాస్తా తిట్టు రూపంలో బయటపడింది. సీరియల్ సంగతి తిరిగి అననే అనొద్దు. అంటే గెలుస్తావు, కాదనను. ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోరు. నిజానికి ఆమె కూడా ఆ సీరియల్ ముందు కూర్చుని ఎవరి కోసం ఏడుస్తోందో మనకేం తెలుసు?

అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, చిక్కుళ్లు ఒలుస్తూనో బట్టలు మడతపెడుతూనో ఉన్నప్పుడు వెళ్లి పక్కన కూర్చో. ఎదురుగా కూర్చుంటే పంచాయితీలా ఉంటుంది. "అమ్మా, తాత పోయినరోజు నాకు ఏడుపు రాలేదు. ఎందుకో నాకే తెలీలేదు. ఇప్పుడు వస్తోంది." ఈ మూడు ముక్కలు చాలు. మెదడు, మనస్తత్వ శాస్త్రం, జాన్ గ్రీన్ ఏవీ వద్దు. ఆమె ఏడిస్తే ఏడవనీ. కసిరితే కసరనీ, ఆ రాత్రికో మర్నాటికో తనే ఏదో ఒకటి అంటుంది.

తర్వాతెప్పుడైనా నవలలో తల్లి సంగతి చెప్పు. కూతురు పోయాక తన బతుకు ఏమిటని ఆ తల్లి కుంగిపోలేదు, కూతురికి తెలీకుండా సోషల్ వర్క్ చదువుకుంటూ ఉంటుంది, జబ్బుపడ్డ పిల్లల కుటుంబాలకి సాయపడాలని. ఆ సంగతి బయటపడ్డప్పుడు హేజల్ ఎంత సంబరపడుతుందో నీకు గుర్తుండే ఉంటుంది. మీ అమ్మ ఆ పుస్తకాన్ని 'అబ్బాయీ అమ్మాయీ ప్రేమించుకునే నవల' అనుకుంటోంది, అందుకే భయం. సగం కథ అమ్మానాన్నలదని ఆమెకి తెలీదు. చదివే ఓపిక లేదంటే, అదే కథని హిందీలో 'దిల్ బేచారా' పేరుతో 2020లో తీశారు, కలిసి చూడొచ్చు. పుస్తకమంత బాగుండదని నా అభిప్రాయం.

చదువు విషయంలో మాత్రం నేను మీ అమ్మ పక్షమే, సగం. ప్లస్ టూ దాకా నవలలు మానెయ్యాలన్నది నేను ఒప్పుకోను. మానవు కూడా, దుప్పటి కిందికి వెళ్లావుగా. కానీ ఆ దుప్పటి కింద ఫోన్ చదువు ఆపు. అది చదువూ కాదు నిద్రా కాదు, పైగా ఇంట్లో నీ మాట చెల్లకుండా చేస్తుంది. అమ్మతో బేరం పెట్టుకో: అచ్చు పుస్తకం, హాల్లో, హోంవర్క్ అయ్యాక, పడుకునే టైముకి పుస్తకం బీరువా మీద. పరీక్షల వారం అసలు లేదు. ఇంకో చిన్న కిటుకు చెబుతాను. ఈ నవలల్లో అధ్యాయం చివర ఏదో ఒక కొక్కెం తగిలించి వదులుతారు. 'ఈ చాప్టర్ అవగానే ఆపేస్తా' అనుకుంటే తెల్లారుతుంది. చాప్టర్ మధ్యలో, ఏమీ జరగని చోట ఆపు. నిద్ర పడుతుంది.

ఒక్క హెచ్చరిక. రెండు రోజులు అన్నం సయించకపోవడం పెద్ద విషయం కాదు. అదే వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారైనా వచ్చినా, అది పుస్తకంతో తేలే వ్యవహారం కాదు. అమ్మకో నాన్నకో వెంటనే చెప్పు. వాళ్లకి చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. ఆత్మహత్య చుట్టూ తిరిగే నవలలు కూడా ఈ తరహాలో కొన్ని ఉన్నాయి. మనసు బాగాలేని రోజుల్లో అవి ముట్టుకోకు, తర్వాత చదవొచ్చు.

ఆగస్టస్ లాంటి అబ్బాయి క్లాసులో లేడని బెంగపడ్డావు. తల్లీ, ఎవరి క్లాసులోనూ లేడు. పదిహేడేళ్ల కుర్రాడు సిగరెట్ వెలిగించకుండా పెదాల మధ్య పెట్టుకుని దాని మీద తత్వం చెప్పడం పుస్తకంలో బాగుంటుంది. మన పెరంబూరులో ఆ పని చేస్తే తత్వం పూర్తయ్యేలోగా వాళ్లమ్మ వీపు చిట్లగొడుతుంది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివి తెలుగునాట ఎంతమంది ఆడపిల్లలు అందులో హీరో రాజశేఖరం కారు కోసం ఎదురుచూశారో లెక్కలేదు. కారు రాలేదు. వాళ్లు వేరే మనుషుల్ని పెళ్లాడి బాగానే ఉన్నారు, కొందరు ఇప్పటికీ ఆ నవల పేరు చెబితే ఒకలా నవ్వుతారు. మీ అమ్మ కూడా ఆ వయసులో అద్దె పుస్తకాల షాపులో నవలలు తెచ్చుకుని క్లాసు పుస్తకం మధ్యలో పెట్టి చదివిందేమో అడిగి చూడు. నా అనుమానం చదివిందనే. రాజశేఖరం ఎవరని అడుగు, మొహం చూస్తే తెలిసిపోతుంది. మీ క్లాసు అబ్బాయిలు క్రికెట్టూ జేఈఈ తప్ప మాట్లాడరంటే, వాళ్లకీ ఇంట్లో ఏడవనివ్వని తాతలు ఉండి ఉంటారు. అంతకు మించి నాకు తెలీదు.

తెలుగులో ఎందుకు లేవన్నది మంచి ప్రశ్న. చిన్నపిల్లలకి మనకి లోటు లేదు. 'చందమామ' 1947 జూలైలో మొదలైంది ఈ మద్రాసులోనే. మీ తాత తరం, మీ అమ్మ తరం దాంతోనే చదవడం నేర్చుకున్నారు. చందమామ దాటగానే పిల్లలు నేరుగా వారపత్రికల సీరియళ్లలో, పెద్దల నవలల్లో పడ్డారు. పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నవాళ్లకి విడిగా ఒక అర ఉండాలని మన ప్రచురణకర్తలు పెద్దగా అనుకోలేదు. అమెరికాలోనూ ఆ అర ఆకాశంలోంచి ఊడిపడలేదు. టల్సాలో హైస్కూల్లో ఉన్న ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి, తన వయసువాళ్ల అసలు బతుకు గురించి చదవడానికి ఏమీ లేదని, పదిహేనేళ్లకే రాయడం మొదలుపెట్టింది. 'ది ఔట్‌సైడర్స్' 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకి పద్దెనిమిది. నువ్వు నవల రాయాలని కాదు నేననేది. కానీ మూడు భాషల మధ్య పెరంబూరులో పెరుగుతున్న తెలుగుపిల్ల గురించి చదవాలని నాకూ ఉంది.

ఈలోగా నామిని 'పచ్చనాకు సాక్షిగా' తెచ్చుకో. యంగ్ అడల్ట్ అని దాని మీద రాసి ఉండదు. ఒక పల్లెటూరి పిల్లాడి బతుకు, వాళ్లమ్మ, ఆ ఇల్లు. చిత్తూరు వైపు మాటలో ఉంటుంది కాబట్టి నీకంటే మీ అవ్వకి ముందు అర్థమవుతుంది. కూడబలుక్కుని చదవలేకపోతే అమ్మని చదివి వినిపించమను, నువ్వు అడగాలనుకున్నదీ అదే కదా. కొనాలంటే జనవరిలో నందనం వైఎంసీఏలో జరిగే బుక్ ఫెయిర్‌లో వెతుకు. లేదంటే ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896 నుంచి. దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీలు చట్టప్రకారం చేరాల్సిన లైబ్రరీల్లో అదొకటి, తెలుగు పుస్తకాలూ ఉంటాయి. ఇంగ్లీషు నవలలు చవగ్గా కావాలంటే పెరంబూరులో లోకల్ ఎక్కు, దిగేదే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్. పాత పుస్తకాల షాపులు ఆ పక్కనే. నాన్నని వెంటబెట్టుకెళ్లు, బేరం ఆయన్ని ఆడమను.

హేజల్ కథ అవ్వకి చెప్పడం నువ్వనుకున్నంత కష్టం కాదు. ఆ పేర్లతో పనిలేదు. 'ఒక పిల్ల, ఒక పిల్లోడు, ఇద్దరికీ మాయదారి జబ్బు' అని మొదలుపెట్టు. అవ్వ మధ్యలో ఆపి తన ప్రశ్నలు తను వేస్తుంది: వాళ్లమ్మానాయనా ఏం చేస్తా వుండారు, మందులకి దుడ్డు ఎట్ల వస్తా వుండాది, ఆ పిల్లోని చేతిలో చెయ్యేసి తిరిగితే ఊళ్లో ఏమనుకోలేదా. ఓపిగ్గా జవాబులు చెప్పు. విమానం ఎక్కి పరాయిదేశం వెళ్లే భాగం దగ్గర ఆమె తప్పకుండా నమ్మనంటుంది. ఆన్‌లైన్ పేజీ దగ్గరికొచ్చాక 'స్టేటస్' అను, ఇంట్లో జరిగిందే కాబట్టి ఆమెకి తెలుసు. అక్కడ మాత్రం తొందరపడి ముందుకెళ్లకు. తాత స్టేటస్‌ల గురించి అవ్వ ఏమంటుందో వినాలని నీకూ ఉంటుంది.

చివరగా నీ ఫ్రెండ్. ఆ అమ్మాయి 'ఓవర్' అంది నవలని, నిన్ను కాదు. నువ్వు ఆ పుస్తకంలో తాతని చదివావు, ఆ అమ్మాయి ఇంట్లో అందరూ బాగుండి ఉంటే ఆమెకి అది ఒక ఏడుపు ప్రేమకథలాగే కనిపిస్తుంది, అందులో ఆమె తప్పేముంది? రేపు నువ్వే వెళ్లి మాట్లాడు. ఆమెకి బాగా నచ్చిన పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకో. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్పు, కాకపోతే కనీసం వంద పేజీలు చదివాక చెప్పు.